కంప్యూటరు నుదుటి మీద నూనె

కంప్యూటరుకు నుదురు ఎక్కడుంటుందో ఆ రోజు మాలో ఎవరికీ తెలియలేదు.

మా సంఘంలో ఏ కొత్త వస్తువునూ ప్రతిష్ఠ చేయకుండా వాడేవాళ్లం కాదు. హార్మోనియం, మైకు సెట్టు, చివరికి డాబా మీద పెట్టిన నీళ్ల ట్యాంకుకు కూడా ప్రతిష్ఠ జరిగింది. పాస్టరు గారు చేతులు చాపి ప్రార్థన చేసేవారు. సంఘ కార్యదర్శిగా నేను బొటనవేలు నూనెలో ముంచి ఆ వస్తువు మీద సిలువ గుర్తు వేసేవాణ్ణి. పట్నం నుంచి ఎవరైనా తెస్తే ఒలీవ నూనె ఉండేది. అది అయిపోతే కొబ్బరినూనె సీసానే ప్రార్థించి వాడుకునేవాళ్లం. గోదావరిఖనిలో, గని కార్మికుల క్వార్టర్ల మధ్య రేకుల కప్పు కింద నడిచే సంఘానికి ఒలీవ నూనె అన్నివేళలా దొరికేది కాదు. నూనె ఏదన్నది కాదు, విశ్వాసమే ముఖ్యమని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు, ఒక వానాకాలంలో, గని ఆఫీసర్ల కాలనీలో ఉండే ఒక విశ్వాసి కొత్త కంప్యూటరు కొనుక్కుని పాతదాన్ని ప్రింటరుతో సహా సంఘానికి ఇచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ నిలబడ్డాం. టీవీ లాంటి దాని మీద రాయాలా, కింది డబ్బా మీద రాయాలా అని నేను ఆగిపోయాను. మా సంఘపెద్దల్లో ఒక ముసలాయన ఉండేవాడు, గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు నింపి రిటైరైనవాడు. ఆయన డబ్బా ముందు భాగం చూపించి, "బటన్లు గీడున్నయి గద. మనిషికి నొసలెట్లనో దీనికి గిది గట్ల. గీడ రాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అక్కడే రాశాను. పెద్ద గుండ్రటి బటన్ మీద నిలువు గీత, దాని కింద చిన్న బటన్ మీదుగా అడ్డగీత. నూనె కాస్త ఎక్కువై కిందికి కారింది. అది శుభసూచన అన్నారు పాస్టరు గారు.

ఆ కంప్యూటరును నడపడం తెలిసినవాళ్లు సంఘంలో ఒక్కరే. ఇరవై రెండేళ్ల పిల్ల. వాళ్ల నాన్న, నేను ఒకే గని మీద పనిచేశాం. ఆయన లోపల, నేను పైన హాజరు పుస్తకం దగ్గర. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయినప్పుడు శవపేటిక మోసిన నలుగురిలో నేనొకణ్ణి. అప్పటి నుంచి ఆ పిల్ల నన్ను కాక అని పిలిచేది. అంతకుముందు అంకుల్ అనేది. వాళ్లమ్మ నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి, కావలసిన పులియని రొట్టె చేసి తెచ్చేది. సంఘం మొత్తంలో ఆ పని ఆమెకే ఇచ్చారు.

పిల్ల బస్టాండు దగ్గరి సెంటర్‌లో కంప్యూటరు నేర్చుకుంది. ఆదివారం ఆరాధన క్రమం, ప్రార్థన అవసరాల జాబితా టైపు చేసి, ప్రింటు కొట్టి, వరుసగా పంచేది. ఆ సంవత్సరం మందమర్రిలో మా మిషను బడికి కంప్యూటరు టీచరు కావలసి వచ్చింది. దరఖాస్తుతో పాటు సంఘం నుంచి మంచి నడవడి ఉత్తరం కావాలన్నారు. కార్యదర్శి సంతకం, సంఘం ముద్ర ఉండాలి. ఉత్తరం తనే టైపు చేసి పెట్టుకుంది.

"కాకా, ఒక్క సంతకం. ఇంటర్వ్యూ జనవరిల."

"క్రిస్మస్ కానియ్యి బిడ్డా. ఎక్కడికి పోతది ఉత్తరం?" అన్నాను.

నవంబరు చలి మొదలయ్యాక కంప్యూటరుకు రోగం వచ్చింది. ఆదివారం పొద్దున్న ఆరింటికి స్విచ్ వేస్తే లేచేది, తెర మీద గుర్తు కనిపించేది, గీత సగం దాకా నిండేది, ఠప్పున నల్లబడి మళ్లీ మొదటికొచ్చేది. మళ్లీ గుర్తు, మళ్లీ సగం గీత, మళ్లీ నలుపు. అట్లా ఇరవైసార్లు. ప్రార్థన జాబితా లేకుండానే ఆరాధన మొదలుపెట్టాం. జబ్బుపడ్డవాళ్ల పేర్లు పాస్టరు గారు గుర్తు తెచ్చుకుని చదివారు, ఇద్దరిని మరిచిపోయారు. ఆ ఇద్దరి ఇంటివాళ్లూ అలిగారు.

సోమవారం మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి స్విచ్ వేస్తే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది. మరుసటి ఆదివారం పొద్దున్న మళ్లీ అదే రోగం. మధ్యాహ్నానికి బాగు.

తనకు తెలిసిన ప్రయత్నాలన్నీ చేసింది. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చింది. కరెంటు తేడా వస్తుందేమోనని పక్క గది ప్లగ్గుకు మార్చింది. డబ్బా విప్పి, ర్యామ్ బయటికి తీసి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. ఫ్యానుకు పట్టిన బొగ్గు దుమ్మును పెయింటు బ్రష్షుతో దులిపింది. గిన్నెడు దుమ్ము వచ్చింది. మా ఊళ్లో ఆరవేసిన బట్టలకే నల్ల దుమ్ము పడుతుంది, డబ్బాకు పట్టదా? దులిపాక కూడా ఆదివారం పొద్దున్న అదే తంతు. ఒక మెకానిక్కును పిలిపించాను. అతను మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి గోడలు అదిరే వేళ. కంప్యూటరు ఒక్కసారికే లేచింది. "ఏం లేదు సార్, మంచిగనే ఉంది. మీ దేవుడే రిపేర్ జేసిండేమో" అని నవ్వి పోయాడు.

ముసలి పెద్ద ఆ మాట విని ఊరుకోలేదు.

"ఆరు దినాలు మంచిగుంటది. ప్రభువు దినం నాడు పొద్దుగాల్నే పడుకుంటది. గిది మిషిన్ రోగమా? ఎక్కడనో పాపమున్నది."

ఆరు రోజులూ పొద్దున ఆరింటికి దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్న సంగతి మాకు తట్టలేదు. నాకు తట్టి ఉండాలి. హాజరు పుస్తకం రాసేవాణ్ణి, ఏ షిఫ్టుకు ఎవరొచ్చారో చూడటమే నా పని. పాపం అన్న మాట వినగానే నేను లెక్క చూడటం మానేశాను. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు పాస్టరు గారు ప్రార్థన చేశారు, నేను బొటనవేలు నూనెలో ముంచి అదే చోట గట్టిగా సిలువ వేశాను. మూడు ఆదివారాలు అట్లా రాశాను.

నాలుగో ఆదివారం, సంవత్సరంలో చివరిది, ఆ పిల్ల మాకంటే ముందే వచ్చి డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ప్రార్థన చేస్తుందనుకున్నాం. చిన్న బటన్ చుట్టూ గోరుతో గీకుతోంది. మమ్మల్ని చూసి లేచి వేలు చూపించింది. వేలి చివర నల్లటి ముద్ద.

"కాకా, దొరికింది. గిదే. నూనె. రీస్టార్టు బటన్ సందులకు పోయి బొగ్గు దుమ్ము పట్టి గడ్డగట్టింది. బటన్ లోపటికి పోయింది గని మల్ల బయటికొస్తలేదు. ఫ్యాను తిరిగి డబ్బ అదిరినప్పుడల్ల లోపట అంటుకుంటున్నది. కొబ్బరినూనె గద, పొద్దుగాల చలికి పేరుకుంటది. ఎండకు రేకులు కాలినంక కరుగుతది. గందుకే మధ్యాన్నం మంచిగుంటున్నది." ఊపిరి తీసుకోకుండా చెప్పింది. దొరికిన సంతోషంతో ముఖం వెలిగిపోతోంది. తర్వాత అంది, "ఇగ నూనె రాయకుండ్రి కాకా."

చలికాలం పొద్దున మా ఇంట్లో నా భార్య కొబ్బరినూనె సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించేది. ఆ రోజు కూడా పెట్టింది. నా తలకు రాసుకున్న నూనె అట్లా కరిగించినదే. ఆ పిల్ల చెప్పింది నిజమని వింటున్నప్పుడే నాకు తెలుసు. కానీ పక్కన పాస్టరు గారున్నారు, ముసలి పెద్ద ఉన్నాడు. నూనె రాసింది నా వేలు.

"నూనెను తప్పు పడుతున్నవా?" అన్నాను.

ఆరాధన అయ్యాక వెనక గదిలో పెద్దల సభ జరిగింది. ఆ పిల్లను మధ్యలో నిలబెట్టాం. వాళ్లమ్మను బయట కూర్చోబెట్టాం. నేను మినిట్స్ పుస్తకం తెరిచాను.

పాస్టరు గారు మెత్తగా అడిగారు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉండేది. "చెప్పు బిడ్డా. మిషిన్ల ఏం తప్పున్నది?"

"నూనె అయ్యగారూ."

"ఎవరు రాసిన నూనె?"

"కాక రాసింది."

"ఎవరి పేర్న రాసిండు?"

ఆ పిల్ల నన్ను చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

"జెప్పు" అన్నారు పాస్టరు గారు.

"ప్రభువు పేర్న."

"ప్రభువు పేర్న రాసిన నూనె వస్తువును ఖరాబు జేస్తదా?"

"నూనె నూనెనే గదయ్యగారూ. బటన్ల పడ్డది."

ముసలి పెద్ద తొడ చరుచుకున్నాడు. "ఇన్నరా? మనం జెప్తె ఇనే పిల్లనా ఇది? ఇంట్ల మొగదిక్కు లేకపాయె. ఒక్కతె గంటలకు గంటలు ఆ డబ్బ ముంగట గూసుంటది. అండ్ల ఏం జూస్తదో ఎవరికెరుక? గట్లాంటియి జూస్తే మిషిన్ల దయ్యం దూరదా?"

ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదు. ఫోను వైరు కూడా లేదు. దాంట్లో ఆరాధన క్రమాలూ ప్రార్థన జాబితాలూ తప్ప ఏమీ లేవని నాకు తెలుసు. ముసలాయన అన్న మాటను "అనుమానాస్పదమైన వినియోగం" అని మినిట్స్‌లో రాసుకున్నాను. అందంగా కుదిరిందని ఆ క్షణంలో సంతోషపడ్డాను కూడా.

తర్వాత నా వంతు వచ్చింది. "మీ నాయిన బతికుంటే పెద్దోళ్ల ముంగట గిట్ల మాట్లాడుతుంటివా?"

ఆ పిల్ల ఏడవలేదు. "మా నాయిన బతికుంటే నన్ను గిట్ల నిలబెడుతుంటిరా కాకా?"

ఆ మాటకే శిక్ష ఖాయమైంది. ఈస్టరు నాటి పునరుత్థాన పండుగ దాకా సంఘ క్రమశిక్షణ. మా దగ్గర దానికి ఒక పద్ధతి ఉంది. శిక్షలో ఉన్నవాళ్లు అందరితో కలిసి చాపల మీద కూర్చోకూడదు. ద్వారం పక్కన, చెప్పులు విడిచే చోట కూర్చోవాలి. పాడకూడదు. ప్రభువు బల్లలో వాళ్లకు వంతు ఉండదు, రొట్టె పళ్లెం వాళ్లను దాటి పోతుంది. శిక్షలో ఉన్నవాళ్లకు మంచి నడవడి ఉత్తరం ఇవ్వడం కుదరదు. ఆ చివరి మాట ఎవరూ అడగకుండా నేనే గుర్తుచేశాను.

బయటికి వచ్చాక వాళ్లమ్మ నా ముందు కొంగు చాపింది. "తమ్మీ, ఈ బుధవారం గాక పై బుధవారం ఇంటర్వ్యూ. గా కాయితం ఒక్కటియ్యి. శిచ్చ మీ ఇష్టం."

"సంఘం తీర్పు అక్కా. నా చేతుల లేదు."

"వచ్చే ఆదివారం బల్ల ఉన్నది. రొట్టె నేనే జెయ్యాల్నా?"

"నీకేం శిక్ష లేదు గద. చెయ్యి" అన్నాను. పెద్ద ఉదారంగా అన్నాననుకున్నాను.

వారం తర్వాతి ఆదివారం చీకటి విడవకముందే వెళ్లి సంఘం తాళం తీశాను. ఆ పిల్ల చెప్పింది తప్పని నాకు నేను రుజువు చేసుకోవాలి. తెలిసిన నిజాన్ని తప్పని రుజువు చేయాలనుకోవడం ఎంత పిచ్చో అప్పుడు అనిపించలేదు. స్విచ్ వేశాను. గుర్తు, సగం గీత, నలుపు. వంగి చూశాను. చిన్న బటన్ ఒక పక్కకు ఒరిగి లోపలికి కూరుకుపోయి ఉంది. దాని చుట్టూ ఆ పిల్ల గీకగా మిగిలిన నల్లటి ముద్ద, ఆ ముద్ద మీద నా బొటనవేలి గీతలు అచ్చు పడినట్టు స్పష్టంగా ఉన్నాయి.

టీ కాచుకునే వత్తుల స్టవ్వులోంచి కిరసనాయిలు కొంచెం గిన్నెలోకి వంచి, అగ్గిపుల్లకు దూది చుట్టి ముంచి బటన్ చుట్టూ తిప్పాను. నాలుగైదు పుల్లలు నల్లబడ్డాయి. బటన్ చిన్నగా చప్పుడు చేసి బయటికి వచ్చింది. ఆరనిచ్చి స్విచ్ వేశాను. గీత నిండింది. కంప్యూటరు తెరుచుకుంది.

తెర మీద ఆ పిల్ల చివరిగా దాచిన ఉత్తరం పేరు కనిపించింది. తెరవడం, ప్రింటు కొట్టడం వరకు ఆ పిల్ల చేస్తుంటే చూసి నాకూ పట్టుబడింది. తెరిచాను. ఈ సహోదరి మా సంఘంలో విశ్వాసంగా నడుచుకుంటున్న సభ్యురాలని, పిల్లలకు మాదిరిగా ఉంటుందని రాసి ఉంది, కింద నా హోదా, దాని పైన సంతకానికి ఖాళీ. ప్రార్థన జాబితాతో పాటు దాన్ని కూడా ప్రింటు కొట్టి, సంతకం పెట్టి, తారీఖు రాసి, ముద్ర వేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇవ్వాలనే పెట్టుకున్నాను.

పాస్టరు గారు రాగానే చెప్పాను. "అయ్యగారూ, ఆ పిల్ల జెప్పిందే నిజం. నూనె పేరుకున్నది. తీసిన, మంచిగైంది."

ఆయన అగ్గిపుల్లల వైపు చూశారు. తలుపు దగ్గరికి వేశారు. "ఇది సంఘంల జెప్తే ఏమైతదో ఆలోచించినవా? మన నూనెతోని మిషిన్ ఖరాబయిందని తెలిస్తే, రేపు పిలగానికి జ్వరమొస్తే ఎవరన్న మనతోని నూనె రాయించుకుంటరా? ఒక్క పిల్ల నౌకరి కోసం అందరి విశ్వాసం చెడగొడుదామా?"

ఆ మాట నాకు నిజంగా సమంజసంగా తోచింది. అగ్గిపుల్లలు ఏరి బయట పారేసి వచ్చాను.

ఆరాధనలో అందరి చేతుల్లో ప్రార్థన జాబితా ఉంది. పాస్టరు గారు దాన్ని పైకెత్తి చూపించారు. "సంఘం దిద్దుబాటు చేసుకున్నది. వారం తిరగకముందే దేవుడు కార్యం చేసిండు." జనం చప్పట్లు కొట్టారు, స్తోత్రమన్నారు. ముసలి పెద్ద వెనక్కి తిరిగి ద్వారం వైపు చూసి తలాడించాడు. అక్కడ చెప్పుల మధ్య ఆ పిల్ల కూర్చుని ఉంది. వాళ్లమ్మ ముందు వరుసలో తల ఎత్తకుండా కూర్చుంది.

రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల వెంట తిరిగింది నేనే. ఆ తల్లి తెల్లవారుజామున లేచి చేసిన రొట్టె అది. ఒకే పెనం, ఒకే పిండి. ఆ తల్లి ముందు పళ్లెం పట్టాను, ఆమె ఒక ముక్క తీసుకుంది. ద్వారం దగ్గరికి వెళ్లి, పద్ధతి ప్రకారం, ఆ పిల్ల మీదుగా పళ్లెం ఎత్తి పట్టుకుని దాటాను. ఆ పిల్ల తల పక్కకు తిప్పి గాలి పీల్చింది. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆరాధన ముగిశాక చెప్పులు వెతుక్కుంటుంటే నా జత అందించింది.

"కాకా, నీ చెయ్యి కిరసనాయిల్ వాసనొస్తున్నది."

నేను చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాను.

"అగ్గిపుల్లతోని తీసినవా? నేను పిన్నీసుతోని తీద్దామనుకున్న. పుల్లనే మంచిది, గీతలు పడయి." మెకానిక్కులిద్దరు మాట్లాడుకున్నట్టు మామూలుగా అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మిషిన్ మంచిగైంది గద. నాకు క్షమాపణ ఒద్దు, ఏం ఒద్దు. నేను గూడ ఎవ్వరికి జెప్ప. ఉత్తరం ఇయ్యి. బుధవారం పోవాలె."

ఉత్తరం నా జేబులో ఉంది. కాగితం అంచు రొమ్ముకు గుచ్చుకుంటోంది. వెనక నుంచి ముసలి పెద్ద, "ఏమంటున్నది? ఒప్పుకుంటున్నదా?" అని అడిగాడు.

"పండుగ దాక ఓపిక పట్టు బిడ్డా" అన్నాను. ఆయనకు వినపడేలా అన్నాను.

బుధవారం ఆ పిల్ల ఉత్తరం లేకుండానే మందమర్రి వెళ్లింది. గేటు దగ్గరే కాగితాలు చూసి వెనక్కి పంపించారని తర్వాత తెలిసింది. ఆ నౌకరీ వేరే సంఘం పిల్లకు వచ్చింది. పునరుత్థాన పండుగ నాడు క్షమించి చేర్చుకోవడానికి మేం పేరు పిలిచాం. ఆ పిల్ల రాలేదు. తల్లి లేచి రొట్టె మూట బల్ల మీద పెట్టి, "ఇదే ఆఖరు" అని వెళ్లిపోయింది. తర్వాతి నెల నుంచి బేకరీ రొట్టె కోసి వాడుకున్నాం.

ఏడాది గడిచాక, గోదావరి అవతల మంచిర్యాల స్టేషన్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ పిల్ల పనిచేస్తోందని విని వెళ్లాను. అదే ఉత్తరాన్ని, మడతల దగ్గర నల్లబడ్డదాన్ని, తీసి ముందు పెట్టాను. వేరే బళ్లలో పనికొస్తుందన్నాను. ఆ పిల్ల ఎవరిదో కంప్యూటరు విప్పి బల్ల మీద పెట్టుకుని చూస్తోంది. చేతులు తుడుచుకుని ఉత్తరం చదివింది. కింద తారీఖు చూసింది. ఆ ఆదివారం నాటిది.

"ఆ దినమే సంతకం పెట్టినవా కాకా?"

"అవును."

"నేనడిగినప్పుడు నీ దగ్గర్నే ఉండెనా?"

"జేబుల ఉండె."

సంతకం మీద వేలు పెట్టింది. "సంఘంల జెప్పినవా?"

"లేదు బిడ్డా."

"అయితే నీ దగ్గర్నే ఉండనియ్యి." మడతల వెంటే మడిచి నా జేబులో తనే పెట్టింది. ఆ తర్వాత మళ్లీ వంగి, విప్పిన డబ్బాలోని ఫ్యానును వేలితో తిప్పి చూసుకుంది. నేను ఇంకా నిలబడి ఉంటే, "జరుగు కాకా, వెలుతురు పడ్తలేదు" అంది.

పాస్టరు గారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, ఆయన తర్వాత ఆరాధన నడిపేది నేనే. ముసలి పెద్ద కూడా పోయాడు. ఆయనకు ఆఖరి నూనె రాసింది నేనే. రోగులకు ఇప్పటికీ రాస్తున్నాను, లేచినవాళ్లను కళ్లారా చూశాను, నా నమ్మకం ఇసుమంత తగ్గలేదు. కంప్యూటరు పాత సామాను వాడికి పోయింది. ఉత్తరం నా బైబిల్లో ఉంది. చెప్పొద్దనేవాళ్లు ఇప్పుడు సంఘంలో ఎవరూ లేరు. ప్రతి మొదటి ఆదివారం పళ్లెం పట్టుకుని ద్వారం దాకా వెళ్లి, చెప్పుల పక్కన ఎవరూ లేని చోట ఒక్క క్షణం ఆగి, తిరిగి బల్ల దగ్గరికి వస్తాను. జనం వైపు తిరిగి, నోరు తెరిచి, ఆశీర్వాదం చెప్పి ఇంటికి పంపిస్తాను.